ఇప్పచెట్టు కింద వేసవి బడి

పర్ణం అంటే ఆకు. పర్ణశాల అంటే ఆకులతో కప్పిన ఇల్లు. వనవాసంలో రాముడు సీతాలక్ష్మణులతో అటువంటి ఇంట్లో కొంతకాలం ఉన్నాడనీ, ఆ చోటు ఇదేననీ చెప్పే ఊరు ఒకటి గోదావరి ఒడ్డున ఉన్నది. ఆ ఊరి పేరు కూడా పర్ణశాలే. భద్రాచలం నుంచి అక్కడికి సుమారు 35 కిలోమీటర్లు. 2016 దాకా అది ఖమ్మం జిల్లాలో ఉండేది. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, దుమ్ముగూడెం మండలం. అక్కడి వాగు దగ్గర రాళ్ళమీది చారలు చూపించి, సీతమ్మ నారచీరలు ఆరవేసిన గుర్తులు ఇవేనని చెపుతారు. మీలో కొందరు చూసే ఉంటారు.

యాత్రకు వెళ్ళినవాళ్ళు గుడి చూసి, వాగు చూసి, పులిహోర పొట్లం విప్పుకుని తిని, వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చేస్తారు. ఈసారి మనం అలా రావద్దు. ఇంకొంచెం ముందుకు, అడవి అంచుదాకా పోదాం. ఒంటరిగా మాత్రం కాదు సుమా! ఆ ఊరి పెద్దవాళ్ళు ఎవరైనా తోడు ఉండాలి; తెల్లవారుతూనే వెళ్ళి ఎండెక్కక ముందే తిరిగి రావాలి. అక్కడ మీకు ఒక చెట్టును చూపించాలి. దానికి వచ్చిన కష్టం ఏమిటో చెప్పాలి. ఆ కష్టం విషయంలో, వేసవి సెలవుల్లో చదువుకునే పిల్లలు చెయ్యగల పని ఒకటి ఉన్నది.

ఏప్రిల్ నెలలో ఈ అడవిని మొదటిసారి చూసినవాడు, "ఇదేమి అడవి!" అనుకుంటాడు. టేకుచెట్లు మోడులై నిలబడి ఉంటాయి. అడుగు వేస్తే ఎండుటాకులు గలగలమంటాయి. అడవి చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. అదేమీ కాదు. చెట్టు వేళ్ళతో తాగిన నీటిలో చాలాభాగం ఆకులకు ఉండే సన్నని రంధ్రాల గుండా ఆవిరై పోతుంది. వానకాలంలో ఈ ఖర్చుకు బెంగ లేదు. వేసవిలో నేలలో చెమ్మ తగ్గిపోతుంది గనక, చెట్టు ఆ ఆకులనే రాల్చేస్తుంది. రాబడి తగ్గినప్పుడు ఖర్చు తగ్గించుకునే సంసారి లాంటిదన్నమాట.

ఆ రోజుల్లోనే చెట్లు ఇంకొక పని కూడా చేస్తాయి. విత్తులు పంచిపెడతాయి. ఏగిస కాయ పలచని బిళ్ళలాగా, చుట్టూ రెక్కతో ఉంటుంది. గాలికి గిరగిర తిరుగుతూ పోతుంది. నల్లమద్ది కాయకు ఐదు రెక్కలు. బూరుగుకాయ పగిలి, గింజను దూదితో సహా గాలిలోకి వదులుతుంది. రేలచెట్టు సంగతి మరీ చిత్రం. ఒక కొమ్మకు ఈ ఏటి పసుప్పచ్చని పూలగుత్తులు వేలాడుతూ ఉంటే, పక్క కొమ్మకు నిరుటి పూత తాలూకు కాయలు మూరెడు పొడుగున నల్లని గొట్టాల్లాగా వేలాడుతూ ఉంటాయి. కాయలోని గుజ్జు కోసం కోతులూ, నక్కలూ, ఎలుగుబంట్లూ వాటిని తింటాయి. గింజలు అరగక, మరెక్కడో నేలమీద పడతాయి. ఆకులు లేని అడవిలో గాలికి అడ్డు ఉండదు. అందుచేత గింజ దూరం పోతుంది; జూన్‌లో తొలకరి పడేసరికి నేలమీద సిద్ధంగా ఉంటుంది.

ఇక మనం చూడవలసిన చెట్టు. అది ఇప్పచెట్టు.

ఇప్ప మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకు రాలిన కొమ్మల చివర గుత్తులుగా పూస్తుంది. రాత్రి విచ్చుకున్న పువ్వు తెల్లవారేసరికి టపటపా నేల రాలుతుంది. మామూలు పువ్వులాగా పలచగా ఉండదు. ద్రాక్షపండులాగా కండగా, తియ్యగా ఉంటుంది. చీకట్లో పూసే పువ్వు దగ్గిరికి తుమ్మెదలు రావు గదా, మరి దీనికి చుట్టాలెవరు? గబ్బిలాలు! తీపి కోసం వచ్చి, పుప్పొడిని ఒక చెట్టు నుంచి మరొక చెట్టుకు మోసుకుపోతాయి. తరువాత పండు వచ్చినప్పుడు కూడా అవే వస్తాయి. పండును ఎత్తుకుపోయి, ఇంకో చెట్టుమీద వేలాడుతూ తిని, గింజను కింద పడేస్తాయి. ఎలుగుబంటికి కూడా ఈ పువ్వంటే ప్రాణం. ఒంటరిగా వెళ్ళవద్దని ఊరికే చెప్పలేదు!

ఈ ప్రాంతంలో ఉండే కోయవాళ్ళ ఇళ్ళలో వేసవి పొద్దు ఇప్పచెట్టు కిందనే మొదలవుతుంది. తల్లులూ పిల్లలూ చీకటితోనే బుట్టలు పట్టుకుని వెళ్ళి, రాలిన పువ్వు ఏరుకుని వచ్చి, ఎండలో ఆరబోస్తారు. కొంత వండుకుంటారు, కొంత సంతలో అమ్ముతారు. గింజల నుంచి నూనె తీస్తారు. పువ్వు అయిపోయే వేళకు తునికాకు వస్తుంది. 50 ఆకులు ఒక కట్ట. కోసి, కట్టలు కట్టి, కల్లానికి చేర్చాలి. బడి తెరిచేటప్పుడు కొనే నోటుపుస్తకాల డబ్బు చాలా ఇళ్ళలో ఈ ఆకులోనుంచీ, ఈ పువ్వులోనుంచీ రావలసిందే. వేసవి మీకు సెలవులు. ఆ పిల్లలకు కోతల కాలం. ఐతే ఒకటి. ఎండిన కొమ్మను చూసి ఇది ఫలానా చెట్టు అని వాళ్ళు చెప్పగలరు. మీరూ నేనూ చెప్పలేము. కనక అడవి అంచున మన మొదటి మాస్టారు మన యీడువాడే కావచ్చు, మొహమాటపడకండి.

ఇప్పుడు కష్టం సంగతి. చెట్టు కింద మోకాలిబంటి ఎండుటాకులు ఉంటే రాలిన పువ్వు కనపడదు. అందుకని పూత రాలటానికి కొద్దిరోజుల ముందు చెట్టు కింద నిప్పు పెట్టి ఆకును తగలబెడతారు. ఒక్క అరగంటలో నేల శుభ్రపడుతుంది. నల్లని నేలమీద తెల్లని పువ్వు చక్కగా కనిపిస్తుంది. తునికాకుకు కూడా కొన్నిచోట్ల ఇదే పద్ధతి. కాలిన పొద కొత్త చిగురు వేస్తుంది, లేత ఆకు దొరుకుతుంది. నిప్పు పెట్టేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చీపురుతో ఊడిస్తే రెండు రోజులు పట్టే పని అగ్గిపుల్ల అరగంటలో చేస్తున్నది, అంతే. కాని గాలి వీచినప్పుడు ఆ మంట చెట్టు కిందనే ఉండిపోదు. ఎండుటాకుల వెంట పాకుతూ గుట్ట ఎక్కుతుంది.

అలా పాకే మంట పెద్ద చెట్లను ఏమీ చెయ్యలేదు. నల్లమద్ది బెరడు చూశారా? మొసలి చర్మంలాగా గళ్ళుగళ్ళుగా, మందంగా ఉంటుంది. అదే దానికి కవచం. ఇప్పకు కూడా బెరడు మందమే. కాలిపోయేవి నేలమీద పడి ఉన్న విత్తులూ, జానెడు ఎత్తు మొక్కలూ. టేకు, తునికి మొక్కలు మొండివి. పైన కాలిపోయినా వేరునుంచి మళ్ళీ మొలుస్తాయి. ఐతే ఏటా కాలి, ఏటా మొలిచి, పదేళ్ళు గడిచినా మోకాలెత్తు దాటలేక అలాగే ఉండిపోతాయి. ఇప్పకు రెండు దెబ్బలు. జూన్ నాటికి పండ్లు రాలితే గింజలు నూనెకు పోతాయి. మిగిలిన నాలుగు గింజలూ మొలిస్తే, వచ్చే మార్చిలో మంట వాటిని తీసుకుపోతుంది.

ఇందువల్ల ఏమవుతుంది? తాతచెట్టు ఉంటుంది, మనమడు ఉండడు. మధ్య భారతదేశంలోని ఇప్ప అడవులను పరిశీలించినవాళ్ళు చాలాచోట్ల ఈ సంగతే చూశారు. ఇప్పమొక్క పూతకు రావటానికి ఎనిమిది పదేళ్ళు పడుతుంది. ఆ తరువాత కొన్ని తరాల పాటు పూస్తుంది. అందుచేత పెద్దచెట్లు పూస్తున్నన్నాళ్ళూ ఎవరికీ లోటు తెలియదు. పెద్దచెట్లు ఒక్కొక్కటే పడిపోవటం మొదలుపెట్టిన నాడు, వాటి చోట నిలబడటానికి చిన్నవి ఉండవు. ఆనాడు బుట్ట పట్టుకుని వచ్చిన పిల్ల ఏం ఏరుకుంటుంది?

మంట ఆపితే అడవి నిజంగా తిరిగి వస్తుందా అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు కావాలంటే గోదావరి ఒడ్డు వదిలి, తెలుగుదేశానికి మరో కొసన ఉన్న పాత అనంతపురం జిల్లాకు పోవాలి. పర్ణశాల ప్రాంతంలో పడే వానలో అక్కడ పడేది ఇంచుమించు సగమే, ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా. అక్కడ చెన్నేకొత్తపల్లి దగ్గిర 1990లో బబ్లూ గంగూలి, మేరీ వట్టమట్టం అనే దంపతులూ, వారి మిత్రులూ 32 ఎకరాల బీడు నేల కొని, దానికి టింబక్టు అని పేరు పెట్టి కాపురం ఉన్నారు. రాళ్ళూ, ముళ్ళూ తప్ప ఏమీ లేని నేల అది. చూసినవాళ్ళు నవ్వి ఉంటారు. లాభం కోసం కాక, నేలనూ ఊళ్ళనూ బాగుచెయ్యటం కోసం వారు పెట్టిన సంస్థ టింబక్టు కలెక్టివ్. పిల్లలకు ప్రకృతి బడి అనే పేరుతో బడి కూడా పెట్టారు.

తరువాత చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ సంస్థతో కలిసి, 7,000 ఎకరాలకు పైగా కొండలనూ, బీళ్ళనూ కాపాడటం మొదలుపెట్టారు. ఆ చోటుకు కల్పవల్లి అని పేరు. వాళ్ళు చేసిన పనుల్లో మొక్కలు నాటటం, విత్తులు చల్లటం లేకపోలేదు. కాని ముఖ్యమైన పని కాపలా. గొడ్డలి పడకుండా చూశారు. వేసవి రాకముందే కొండమీద గడ్డి చెక్కేసి, వెడల్పుగా బోడిదారులు తీశారు. మంట వచ్చినా తినటానికి గడ్డి దొరకక ఆ దారి దగ్గిర ఆగిపోవాలి. అప్పటికీ దాటితే పచ్చికొమ్మలు పట్టుకుని మనుషులే వెళ్ళి కొట్టి ఆర్పాలి. అలా ఏళ్ళ తరబడి చేసేసరికి, చచ్చిపోయాయనుకున్న మొద్దులు చిగిర్చాయి. గడ్డి పెరిగింది, వాగుల వెంట ఈతపొదలు వచ్చాయి, తోడేళ్ళూ చిరుతలూ మళ్ళీ కనిపించాయి. 2010 తరువాత ఆ కొండలమీద గాలిమరలు పెట్టటానికి రోడ్లు వేసి, గుట్టలు తవ్వినప్పుడు ఊళ్ళవాళ్ళు ఎంతో బాధపడ్డారు; తగువు న్యాయస్థానం దాకా వెళ్ళింది. గాలినుంచి విద్యుత్తు తీయటం మంచిపనే. కాని మంచిపనికి కూడా చోటు చూసుకోవాలి గదా!

ఇటువంటి సంస్థల దగ్గిరికి వేసవిలో కాలేజీ విద్యార్థులు వెళ్ళి, రెండు మూడు నెలలు ఉండి పని నేర్చుకుంటారు. దానిని ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అంటున్నారు. మీ ముత్తాతల కాలంలో దీనికి మంచి మాట ఒకటి ఉండేది: ఉమేదువారీ. కచేరీలో జీతం లేకుండా కూచుని, కాగితాలు రాస్తూ పని నేర్చుకునే కుర్రవాణ్ణి ఉమేదువారు అనేవారు. అడవికి ఉమేదువారు అయినవాడు ఏం చేస్తాడు? మొదటి నెల లెక్కలు రాస్తాడు. చెట్టు, మొక్క, పిట్ట, అడుగుజాడ. రెండో నెల నుంచి ఊళ్ళో పిల్లలను వెంటబెట్టుకుని అడవి చూపిస్తాడు. అసలు నేర్చుకోవటం ఇక్కడే జరుగుతుంది. ఎందుకంటే, పిల్లలు అడిగే ప్రశ్నల్లో సగానికి అతని దగ్గిర జవాబు ఉండదు!

విద్యార్థులతో ఇలాంటి పని చేయించవచ్చునని అమెరికాలో మొదట గట్టిగా నమ్మినది ఒక విద్యార్థినే. ఆమె పేరు ఎలిజబెత్ కుష్మన్. 1953లో ఒక పత్రికలో వ్యాసం పడింది: జాతీయ వనాలు బాగుచేసే దిక్కులేక పాడవుతున్నాయి, డబ్బు ఇవ్వలేకపోతే వాటిని మూసెయ్యండి అని. ఆ మాట ఎలిజబెత్ మనసులో పడింది. మూసెయ్యటం ఎందుకు, వేసవి సెలవుల్లో మేము వచ్చి పనిచేస్తాం గదా అనుకున్నది. 1955లో కాలేజీ చివరి ఏట ఇదే విషయం మీద వ్యాసం రాసింది. చాలామంది వ్యాసం రాసి మార్కులు తెచ్చుకుని ఊరుకుంటారు. ఆమె ఊరుకోలేదు. 1957లో ఒలింపిక్, గ్రాండ్ టీటన్ అనే రెండు జాతీయ వనాలకు యాభైమందికి పైగా విద్యార్థులను తీసుకుపోయి పని చేయించింది. ఆ సంఘం నేటికీ నడుస్తున్నది.

అంత దూరం ఎందుకు? ఖమ్మం దగ్గిర రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్యగారు ఉండేవారు. వనజీవి రామయ్య అంటే తెలియనివాళ్ళు తక్కువ. ఆయన ఏ సంస్థకూ ఉమేదువారు కాదు, ఏ కాలేజీకీ పోలేదు. వేసవి వచ్చిందంటే చెట్ల కింద విత్తులు ఏరి సంచులు నింపుకునేవారు. వాన పడిందంటే సైకిలెక్కి రోడ్ల వెంట, కాలవగట్ల వెంట నాటుతూ పోయేవారు. చెట్లను గురించిన మాటలు రేకుముక్కల మీద రాసుకుని మెడలో వేసుకుని తిరిగేవారు. పిచ్చివాడని నవ్వినవాళ్ళు కూడా ఉన్నారు. ఆయన నాటినవి కోటికి పైగా ఉంటాయని చెపుతారు. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో, విత్తులు ఏరే కాలంలోనే, ఆయన కన్నుమూశారు.

ఇక మీ పని. పర్ణశాల వెళ్ళలేకపోయినా ఫరవాలేదు; మీ ఊళ్ళో ఇప్ప లేకపోతే వేప, కానుగ, నేరేడు ఏదైనా సరే. పదిమీటర్ల తాడు తీసుకోండి. ఒక కొస చెట్టు మొదట కట్టి, రెండో కొస పట్టుకుని చుట్టూ తిరగండి. ఆ చక్రం లోపల అదే జాతి మొక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నోటుపుస్తకంలో మూడు గళ్ళు గియ్యండి: మోకాలి కంటె పొట్టివి, మోకాలికీ తలకూ మధ్యవి, తలకంటె ఎత్తయినవి. రెండో గడి, మూడో గడి ఖాళీగా ఉన్నాయంటే ఏదో వాటిని పెరగనివ్వటం లేదన్నమాట. మంటా, మేకా, కొడవలా? దగ్గిర ఇంట్లో ముసలివాళ్ళుంటే, "తాతా, మీ చిన్నప్పుడు ఇక్కడ ఎన్ని చెట్లుండేవి?" అని అడిగి అది కూడా రాసుకోండి. కోయ పెద్దలను అడిగితే ఇంకా వింతలు చెపుతారు. మామిడి కొత్త పండుగ చేసుకునేదాకా వాళ్ళు కొత్త మామిడికాయ తినరు. అప్పటికి కాయలో టెంక ముదురుతుంది. ఆ పండుగలో ఎంత తెలివి ఉన్నదో ఆలోచించండి.

విత్తులు ఏరేటప్పుడు ఒక భేదం తెలిసి ఉండాలి. కొన్ని పొడివిత్తులు. రేల గింజ ఏళ్ళ తరబడి దాచినా చెడదు. పెంకు ఎంత గట్టిదంటే దానిని రాతిమీద కొంచెం అరగదీస్తేగాని, కాగిన నీళ్ళలో వేసి చల్లారనిస్తేగాని నీరు లోపలికి పోదు. (వేడినీళ్ళ పని అమ్మకో నాన్నకో అప్పగించండి.) టేకుకాయను ఒక పూట నానబెట్టి, ఒక పూట ఎండబెట్టి, అలా కొన్నాళ్ళు చేస్తేగాని మొలకెత్తదు. మరికొన్ని తడివిత్తులు. వేప, నేరేడు, ఇప్ప ఈ రకం. వీటిని సీసాలో పోసి వచ్చే ఏడు చల్లుదామంటే కుదరదు. కొద్దివారాల్లోనే మొలిచే శక్తి పోతుంది.

కనక ఇప్పగింజ దొరికితే పండు గుజ్జు కడిగి, ఆ వారంలోనే నాటండి. అంగుళం లోతు చాలు. కుండీలో వద్దు, తల్లివేరు త్వరగా లోతుకు దిగుతుంది, తరువాత పీకి నాటితే తెగిపోతుంది. ఎక్కడ పెరగాలో అక్కడే, పెద్దచెట్టు నీడకు కాస్త ఎడంగా, ఆ నేలవాళ్ళను అడిగి పెట్టండి. చుట్టూ నాలుగు ముళ్ళకంపలు కప్పండి. వచ్చే ఫిబ్రవరిలో ఒక ఆదివారం చీపురు పట్టుకుని వెళ్ళి, రెండు బారల మేర ఎండుటాకు ఊడ్చి పక్కకు తీసెయ్యండి. పెద్దచెట్టు కింద నిప్పు పెట్టే ఇంటివాళ్ళు ఎవరో తెలిస్తే వాళ్ళతో మాట్లాడి, వాళ్ళకు కూడా ఒక పూట ఊడ్చి పెట్టండి. పాతచీరలు నాలుగు కలిపి కుట్టి చెట్టు కింద పరిస్తే పువ్వు దుమ్ము అంటకుండా దొరుకుతుందని చెప్పండి. సీతమ్మ చీరలు ఆరవేసుకున్న ఊళ్ళో ఆ మాట ఎవరూ కాదనరు కాబోలు!

మార్చిలో మళ్ళీ తాడు పట్టుకుని వెళ్ళండి. మొదటి గడిలో అంకె మారిందేమో చూసి, పక్కన తేదీ వెయ్యండి.